బిడారు దిగే చోటు: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

పోయిన సంచికలో ఇరాన్ ఎడారి దారిలో ఉన్న ఒక పాత సరాయి ఫోటో వేసి, కింద రెండే లైన్లు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, అటు మహారాష్ట్ర వైపు సిరొంచ నుంచి కూడా రాశారు. అందుకే ఈసారి మొత్తం శీర్షిక దానికే ఇచ్చేస్తున్నాను. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగితే ఒకరిది మాత్రమే వేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

మాస్టారూ, ఆ ఫోటో చూసి మా మనవడు కోట అన్నాడు, నేను సత్రం అన్నాను. కింద మీరేమో కారవాన్‌సరాయి అని రాశారు. ఇంతకీ అదేమిటి?
*ఒక పాఠకురాలు, గుణుపురం*

సత్రమే అమ్మా. కానీ మీ మనవడు కోట అన్నాడంటే దానికీ కారణం ఉంది. బయటి నుంచి చూస్తే నాలుగు పక్కలా ఎత్తైన గోడ, మూలల్లో గుండ్రటి బురుజులు, గోడలకి కిటికీ అన్నదే లేదు, లోపలికి పోవడానికి ఒకే ఒక్క సింహద్వారం. చుట్టూ ఊరు లేదు, చెట్టు లేదు. దొంగల భయం, ఇసుక గాలి, రాత్రయితే ఎముకలు కొరికే చలి. అలాంటి చోట వీపంతా బయటికి పెట్టి మొహం లోపలికి తిప్పుకున్న ఇల్లు అది.

పేరు విడదీస్తే తేలికే. 'కార్వాన్' అంటే మన బిడారు, 'సరా' అంటే పెద్ద ఇల్లు. బిడారు అనే మాట ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. ఒంటెలు, కంచరగాడిదలు, గాడిదలు, ఒక్కోసారి వందల సంఖ్యలో, సరుకు మూటలతో, వర్తకులతో, యాత్రికులతో కలిసి నడిచే గుంపుని బిడారు అంటారు. ఆ గుంపు రాత్రికి దిగే ఇల్లే కారవాన్‌సరాయి.

ద్వారం దాటి లోపలికి అడుగుపెడితే మీకేమీ కొత్తగా ఉండదు. మన వైపు పాత మండువా లోగిలి చూశారు కదా, నడుమ ఆకాశం కనబడుతూ, చుట్టూ వసారాలూ గదులూ ఉండేది, అదే పద్ధతి. కాకపోతే ఈ మండువాలో రెండు మూడు వందల ఒంటెలు పడతాయి. నాలుగు పక్కలా సరిగ్గా మధ్యలో ఒక్కో పెద్ద కమాను లేస్తుంది. దాన్ని ఐవాన్ అంటారు. మూడు పక్కలా గోడ, పైన వంపు కప్పు, వాకిలి వైపు పూర్తిగా తెరిచి ఉండే చావిడి అనుకోండి. ఒక ఐవాన్ సింహద్వారానిదే, మిగతా మూడూ ఎండని బట్టి కూర్చోవడానికి, మాట్లాడుకోవడానికి, నమాజుకి. ఐవాన్‌కీ ఐవాన్‌కీ మధ్య వరసగా చిన్న గదులు, ప్రతి గది ముందు చిన్న వసారా.

ఇక అసలు చూడాల్సింది అరుగు. ఆ వసారాలు వాకిలి నేల మట్టానికి ఉండవు, చాలా చోట్ల దాదాపు మీటరు ఎత్తులో ఉంటాయి. మన అరుగు కూర్చోవడానికి కట్టింది, కాబట్టి కాళ్లు కిందికి వేలాడేసుకునే ఎత్తులో ఉంటుంది. అక్కడిది బరువు దించడానికి కట్టింది. కంచరగాడిదని అరుగు పక్కకి తెచ్చి నిలబెడితే మూటని నేల మీదికి దించి మళ్లీ ఎత్తుకునే పని లేకుండా నేరుగా అరుగు మీదికి జరపొచ్చు, పొద్దున్నే మళ్లీ అలాగే వీపు మీదికి ఎక్కించొచ్చు. పైగా వాకిట్లో తిరిగే జంతువు గదిలోకి రాదు. సింహద్వారం ఎత్తు కూడా అంతే, దర్జా కోసమని అనుకుంటాం గానీ రెండు పక్కలా మూటలున్న ఒంటె తల వంచకుండా, సరుకు రాసుకోకుండా లోపలికి రావాలి కదా. ఈ ప్లాన్లని కాగితం మీద పెన్సిల్‌తో గీసుకుంటూ పోతే నాకు అర్థమైంది ఒక్కటే, ఆ కట్టడంలో కొలతలన్నీ రాజు దగ్గర కాదు, బరువు మోసే జంతువు దగ్గర మొదలవుతాయి.

మీరు సత్రం అన్నారు కాబట్టి ఒక తేడా చెప్పాలి. మన సత్రం అంటే ముందు గుర్తొచ్చేది అన్నం. పూరీ జగన్నాథుడి దర్శనానికి నడిచి వెళ్లేవాళ్ల కోసం ఈ కోస్తా దారి పొడుగునా ధర్మాత్ములు కట్టించిన సత్రాలలో విస్తరి ముందు, పడక తరవాత. సరాయిలో ఆ ఏర్పాటు లేదు. గది ఖాళీగా ఉంటుంది. గోడలో గూళ్లు, ఒక పొయ్యి, అంతే. చాప, దుప్పటి, గిన్నె, బియ్యం అన్నీ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, వండుకోవాలి. ద్వారం దగ్గర ఉండే చిన్న కొట్లో గడ్డి, కట్టెలు, రొట్టె లాంటివి దొరికితే దొరికేవి. సత్రం ఆకలి తీర్చడానికి పుట్టింది, సరాయి సరుకుని కాపాడటానికి పుట్టింది. రెంటినీ పుణ్యం కోసం కట్టించినవాళ్లున్నారు, అది వేరే విషయం.

సార్, నేను సివిల్ డిప్లొమా రెండో సంవత్సరం. ఆ ప్లాన్‌లో పశువుల కొట్టం ఎక్కడుంటుంది? కరెంటు లేని రోజుల్లో అంత ఎండనీ అంత చలినీ ఎలా తట్టుకున్నారు? గోడలు దేనితో కట్టారు?
*ఒక విద్యార్థి, రాయగడ*

మంచి ప్రశ్న బాబూ, నాకు చాలా ఇష్టమైన సంగతి అడిగావు.

ముందు ఒక చదరం గీయి. అది బయటి గోడ. దాని లోపల చుట్టూ ఒక పొడుగాటి వంపు కప్పు సొరంగంలాంటిది గీయి, అదే కొట్టం. దాని లోపలి వైపు గదుల వరస. ఆ వరస లోపలి వైపు వసారాలు, మధ్యలో వాకిలి. అంటే పశువులు గదులకి వెనక, బయటి గోడకి ఆనుకుని ఉంటాయి. కొట్టంలోకి దారి వాకిలి నాలుగు మూలల నుంచి. అందుకే చాలా సరాయిల్లో వాకిలి మూలలు నిటారుగా కలవవు, కోసినట్టు ఏటవాలుగా ఉంటాయి. అక్కడ తలుపు పెడితే జంతువు ఇరుకులో తిరగక్కర్లేదు.

ఇలా పెట్టడంలో ఎంత ఆలోచన ఉందో చూడు. మనుషులు పడుకునే గదికీ ఎడారికీ మధ్య ఒక మందపాటి గోడ, దాని తరవాత ఒక కొట్టం నిండా గాలి, మళ్లీ ఇంకో గోడ. పగటి వేడి అంత తొందరగా లోపలికి రాదు. చలికాలం ఆ కొట్టంలో పశువుల ఒంటి వేడే గదికి వెనక నుంచి కాపు. మన కొండ ఊళ్లలో ఇప్పటికీ పశువుల సాల ఇంటికి ఆనించి కట్టుకుంటారు కదా, ఆ ఇంట్లో చలిరాత్రి పడుకున్నవాళ్లకి ఈ తేడా చెప్పక్కర్లేదు. దొంగ గోడకి కన్నం వేసినా ముందు దొరికేది సరుకు గది కాదు, పశువుల మధ్యలో తేలతాడు, అవి ఊరుకుంటాయా! కొట్టం గోడ పొడుగునా కూడా ఎత్తుగా చిన్న చిన్న అరుగులు, వాటికి పొయ్యిలు ఉండేవి. పశువులు తోలేవాళ్లు వాటి పక్కనే అక్కడ పడుకునేవారు. పొగ, వాసన పోవడానికి వంపు కప్పు నడినెత్తిన కన్నాలు.

ఎండాకాలం పద్ధతి వేరు. అప్పుడు బిడారు రాత్రంతా నడిచి తెల్లారేసరికి సరాయి చేరేది, పగలంతా పడుకునేది. ఒంటెలు వాకిట్లోనే, మనుషులు వసారాల్లో, గాలి కోసం కప్పు మీద. కప్పు పైకి మెట్లుండేవి, చుట్టూ నడుమెత్తు పిట్టగోడ. అన్ని ప్రాంతాలకీ ఒకే ప్లాన్ కూడా కాదు. వాయవ్యాన మంచు పడే కొండ కనుమల్లో వాకిలి లేకుండా మొత్తం కప్పేసిన సరాయిలున్నాయి. దక్షిణాన పర్షియన్ సింధుశాఖ ఒడ్డున ఉక్కపోత కాబట్టి అక్కడా నడుమ వాకిలి తీసేసి, గాలి పారేలా గదులకి బయటివైపే తలుపులు పెట్టినవి ఉన్నాయి.

ఇక సామగ్రి. రాయి దొరికిన చోట రాయి, లేకపోతే ఇటుక. ఎడారి మధ్యలో దూలానికి కలప ఎక్కడ దొరుకుతుంది? అందుకే కప్పులన్నీ ఇటుక కమానులూ గుమ్మటాలే. నీళ్లు తగిలే చోట సారూజ్ అనే గార వాడేవారు. సున్నం, బంకమట్టి, బూడిద, కోడిగుడ్డు తెల్లసొన, మేక వెంట్రుకలు కలిపి బాగా దంచి చేస్తారు. నీటి తొట్టె లోపల అది పూస్తే చుక్క కారదు. మన డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం, గుడ్డుసొన కలిపేవారు చూడు, అదే కుటుంబం.

ఇంకో మాట. ఇరాన్‌లో కోమ్ నగరం దగ్గరి ఎడారిలో 'దైర్-ఎ-గచీన్' అని ఒక సరాయి ఉంది. ఇస్లాం రాకముందు ఇరాన్‌ని ఏలిన ససానియన్ రాజుల కాలంలో మొదలై, తరవాతి రాజవంశాలు సెల్జుక్‌లు, సఫావిద్‌లు మళ్లీ మళ్లీ బాగుచేయించినది, అక్కడివాళ్లు దాన్ని కారవాన్‌సరాయిల తల్లి అంటారు. ఆ పేరులో 'గచ్' అంటే తెలుసా, మనం రోజూ తడిగుడ్డ పెట్టే గచ్చు! పారశీక మాట 'గచ్', అంటే జిప్సం గార, అక్కడినుంచి నడిచి నడిచి మన వంటింటి నేల దాకా వచ్చింది.

నీళ్ల సంగతి మర్చిపోయాను, అది లేకపోతే మిగతాదంతా ఎందుకు? సరాయి కట్టే ముందు నీళ్లు చూసుకునేవారు. బావి, లేదా కొండ కింద నుంచి భూమిలో సొరంగం తవ్వి వాలుగా తెచ్చిన కాలువ, దాన్ని కనాత్ అంటారు. ఆ నీటిని నేల లోపలి తొట్టెలో నింపి పైన గుమ్మటం కట్టేవారు. మెట్లు దిగి వెళ్లి పట్టుకోవాలి. కొన్నిటికి పై గాలిని లోపలికి దించే గాలిబురుజులు కూడా పెట్టి నీళ్లు చల్లగా ఉంచేవారు. యజ్ద్ దగ్గర మేబోద్‌లో అయితే సరాయి, దాని ఎదుట నీటి తొట్టె, ఆ పక్క మంచుగడ్డ నిలవచేసే మట్టి గుమ్మటం, కాస్త అవతల టపా గుర్రాల మజిలీ, అన్నీ ఒక్కచోటే ఇప్పటికీ చూడొచ్చు.

షా అబ్బాస్ 999 కారవాన్‌సరాయిలు కట్టించాడని ఒక గైడ్‌లో చదివాను. 1000 ఎందుకు కాదు? ఇది నిజమేనా? పరీక్షలకి చదువుతున్నాను.
*ఒక పాఠకుడు, బరంపురం*

అది లెక్క కాదండీ, వాడుక మాట. మనం 'వెయ్యిన్నొక్క' అన్నప్పుడు ఎవరూ వేళ్లు మడిచి లెక్కపెట్టరు కదా, ఇదీ అంతే. నిండా వెయ్యి అంటే అల్లుకున్నట్టుంటుంది, తొమ్మిది వందల తొంభై తొమ్మిది అంటే ఎవరో కూర్చుని లెక్కపెట్టినట్టుంటుంది, అందుకే ఆ అంకె నిలబడిపోయింది. మన ఊళ్లలో ప్రతి కొండగుహా పాండవులు దాక్కున్నదే అంటారు, అలాగే ఇరాన్ దారుల్లో ప్రతి పాత సరాయీ 'షా అబ్బాసీ'యే. దానికి ముందు కట్టినవి, తరవాత ఖజార్ రాజుల కాలంలో కట్టినవి కూడా ఆ పేరు మీదే చెలామణీ అవుతున్నాయి.

అలాగని ఆయన చేసింది తక్కువేమీ కాదు. సఫావిద్ వంశపు రాజు మొదటి షా అబ్బాస్ ఇరాన్‌ని 1588 నుంచి 1629 దాకా ఏలాడు. 1598లో రాజధానిని ఇస్ఫహాన్‌కి మార్చాడు. పట్టు వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు, దాన్ని నడపడానికి అర్మేనియన్ వర్తకులని ఇస్ఫహాన్ పక్కనే కొత్త జుల్ఫాలో స్థిరపరిచాడు. 1622లో ఇంగ్లీషువాళ్ల ఓడల సాయంతో హొర్ముజ్‌ని పోర్చుగీసుల దగ్గర నుంచి గుంజుకున్నాడు, ఆ ఎదుటి ఒడ్డున ఉన్న రేవే బందర్ అబ్బాస్. రాజధాని దేశం నడుమ ఉంది, రేవు దక్షిణాన ఉంది, పట్టు పండేది ఉత్తరాన కాస్పియన్ ఒడ్డున. మధ్యలో ఎడారి. ఇక దారి పొడుగునా సరాయిలు కట్టకపోతే ఆ పట్టు కదులుతుందా? ఉప్పు సరస్సు అంచున 1603లో కట్టిన మరంజాబ్ సరాయి ఆయన కాలానిదే.

కానీ పరీక్షకి రాసేటప్పుడు ఆయనతో మొదలుపెట్టకండి. క్రీస్తుకి పూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు, సార్డిస్ నుంచి సూసా దాకా పోయే పారశీక రాజమార్గం మీద 111 మజిలీలున్నాయని, మొత్తం 450 పరసాంగులని (పరసాంగు అంటే అప్పటి పారశీకుల దూరపు కొలత), నడిస్తే 90 రోజులని. ఇస్లాం వచ్చాక 'రిబాత్' అనే పేరుతో సరిహద్దు ఠాణాలూ దారి మజిలీలూ కట్టారు. ఖొరాసాన్‌లో మెర్వ్, నిషాపూర్ నగరాల మధ్య దారిలో 1114 ప్రాంతాన కట్టిన రిబాత్-ఎ-షరఫ్ ఇంకా నిలబడి ఉంది. దానికి ఒకదాని వెనక ఒకటి రెండు వాకిళ్లు, రెంటికీ నాలుగేసి ఐవాన్‌లు. ఇటుకలతో వేసిన ఆ అల్లికలు చూస్తే నేత నేసినట్టుంటుంది. షా అబ్బాస్ కాలానికి ఈ ప్లాన్ కొత్త కాదు, దాన్ని దేశమంతా దారి దారికీ పరిచిన ఘనత మాత్రం సఫావిద్‌లదే.

2023లో యునెస్కో 54 సరాయిలని కలిపి 'పర్షియన్ కారవాన్‌సరాయి' పేరుతో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పరీక్షలో అంకె అడిగితే ఇది రాయండి, 999 కాదు.

మాస్టారూ, స్కూల్ వ్యాన్‌కీ కారవాన్‌కీ ఏమైనా సంబంధం ఉందా?
*ఏడో తరగతి, పర్లాకిమిడి*

ఉంది తల్లీ. కారవాన్ అనే మాట ఇంగ్లీషులోకి వెళ్లి కప్పు ఉన్న పెద్ద బండికి పేరైంది, తరవాత ముందు భాగం తెగిపోయి 'వ్యాన్' ఒక్కటే మిగిలింది.

నేను లారీ నడుపుతాను. కోరాపుట్ మీదుగా సాలూరు ఘాట్ దిగి విజయనగరం వస్తుంటాను. రాత్రి బండి ఆపుకుని కంటి నిండా నిద్రపోవడానికి చోటు దొరకదు, డీజిల్ పోతుందని ఒకటే టెన్షన్. ఆ రోజుల్లో ఒంటెలు తోలేవాళ్లకి ఎలా ఉండేది? డబ్బు కట్టాలా? సామాను పోతే ఎవరు పూచీ?
*ఒక పాఠకుడు, జయపురం*

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ సంచికకి వచ్చిన ఉత్తరాలన్నిటిలో సరాయి ఎందుకు కట్టారో సరిగ్గా పట్టుకున్నది నువ్వే.

మామూలుగా బరువుతో బిడారు రోజుకి ముప్పై, నలభై కిలోమీటర్లు నడిచేది. సరాయికీ సరాయికీ దూరం కూడా దాదాపు అంతే ఉండేది. ఘాట్లు, ఇసుక మేటలు ఉన్న చోట ఇంకా దగ్గర దగ్గరగా కట్టేవారు. దారి తెలిసినవాడికి ఈ పూట ఎక్కడ ఆగాలో పొద్దున్నే తెలుసు. గుంపుకి ఒక పెద్ద ఉండేవాడు, కారవాన్ సాలార్ అనేవారు, మన హైదరాబాద్ సాలార్ జంగ్ పేరులో ఉన్న సాలార్ అదే, నాయకుడు అని అర్థం. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఎవరి ఒంటె ముందు, ఎవరిది వెనక, అన్నీ అతని మాటే.

సరాయికి ఒక కాపరి ఉంటాడు. చీకటి పడితే సింహద్వారం మూసేస్తాడు. ద్వారం పక్కనా, పైనా కాపలావాళ్ల గదులు. ఒక్కటే ద్వారం కాబట్టి ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు అన్నది అతని కళ్లు దాటి పోదు. 17వ శతాబ్దంలో టర్కీ యాత్రికుడు ఎవ్లియా చెలెబి తన దేశంలోని ఒక పెద్ద సరాయి గురించి రాశాడు. పొద్దున్నే తలుపు తీసే ముందు కాపరులు గట్టిగా అరిచి అడుగుతారట, మీ సొత్తు, మీ ప్రాణం, మీ గుర్రం అన్నీ ఉన్నాయా అని. అందరూ ఉన్నాయి అన్నాకే ద్వారం తెరిచేవారు. ఎవరిదైనా పోయిందంటే దొంగ ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. రాత్రంతా ఒక్క కన్ను తెరిచి పడుకునే నీలాంటివాడికి ఆ పొద్దుటి కేక ఎంత ధైర్యమో నేను ఊహించుకోగలను.

డబ్బు సంగతి కట్టించినవాళ్లని బట్టి. రాజులో, రాణులో, ధనికులో దానం కింద కట్టి, దాని ఖర్చుకి పొలమో దుకాణాలో రాసిచ్చిన చోట్ల బసకి ఏమీ తీసుకునేవారు కాదు, లేకపోతే నామమాత్రం. గడ్డికి, కట్టెలకి, తిండికి మాత్రం ఎవరి డబ్బు వాళ్లదే. టర్కీలో సెల్జుక్ సుల్తానులు కట్టించిన వాటిలో మూడు రోజులు ఉచితంగా ఉండనిచ్చేవారు. ఊళ్లలోని సరాయిల పద్ధతి వేరు, అవి ఇప్పటి హోల్‌సేల్ మార్కెట్ లాంటివి, కింద గోదాములు, పైన గదులు, అద్దె కట్టి నెలల తరబడి ఉండేవారు. కెర్మాన్‌లో గంజ్ అలీ ఖాన్ 1598లో కట్టించినది ఆ రకం.

అప్పటి రాజులకి ఇదంతా దయ మాత్రమే కాదు, లెక్క కూడా. దారిలో సరుకు పోతే వర్తకుడు ఇంకో దారి చూసుకుంటాడు, సుంకం పక్క రాజ్యానికి పోతుంది. కాబట్టి బరువు తెచ్చినవాడు, వాడి జంతువు, రెండూ క్షేమంగా నిద్రపోవాలి. ఇప్పుడు మన రోడ్లు నాలుగు లైన్లు, ఆరు లైన్లు అవుతున్నాయి, సంతోషమే. కానీ ఆ రోడ్డు మీద సరుకు మోసేవాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడని రోడ్డు గీసేటప్పుడే ఆలోచించాలి, తరవాత కాదు. నాలుగు వందల ఏళ్ల కిందట ఎడారిలో అది చేశారు, మనం చేయలేమా?

మా సిరొంచలో గోదావరి దాటితే తెలంగాణ. మన తెలుగు నేల మీద ఇలాంటి సరాయిలు ఉన్నాయా, లేక ఇదంతా ఇరాన్ కథేనా?
*ఒక పాఠకుడు, సిరొంచ*

ఉన్నాయండీ. గోల్కొండ కుతుబ్ షాహీల కొలువు నిండా ఇరానీలే. 1591లో హైదరాబాద్ నగరం లేచినప్పుడు పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా ఉన్న మీర్ మోమిన్ అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. వజ్రాల వర్తకుడిగా పైకొచ్చి మీర్ జుమ్లాగా పేరుపడిన మహమ్మద్ సయ్యద్ ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్ వాడు. వాళ్లు పుట్టి పెరిగిన చోట దారి అంటే సరాయి ఉండాల్సిందే, ఆ అలవాటు ఇక్కడికీ తెచ్చుకున్నారు.

గోల్కొండ దగ్గర షేక్‌పేట సరాయి ఉంది, రెండంతస్తులు, గదుల వరసలు, పశువుల కొట్టాలు, పక్కనే మసీదు. నేను హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆ రాతి కమానుల కింద చాలాసేపు కూర్చున్నాను, అవతల రోడ్డు మీద అంత ట్రాఫిక్ ఉన్నా లోపల చల్లగా ఉంది. విజయవాడ రోడ్డు మీది హయత్‌నగర్‌లో కుతుబ్ షాహీ రాణి హయాత్ బక్షీ బేగం కట్టించిన మసీదు చుట్టూ కమానుల గదులు కనిపిస్తాయి చూడండి, అదే సరాయి. అది బందరు రేవు నుంచి నగరానికి వచ్చే దారి. గోల్కొండ నుంచి పాత నగరానికి పోయే దారిలో ఉన్న పేట పేరు కార్వాన్, ఇంకేం చెప్పాలి!

బందరు అన్నాను కదా, పారశీకంలో 'బందర్' అంటే రేవు. ఈ బందరులో ఓడ ఎక్కి ఆ బందర్ అబ్బాస్‌లో దిగేవారు. అక్కడినుంచి ఇస్ఫహాన్ దాకా మళ్లీ ఒంటెల మీద, సరాయి నుంచి సరాయికి. మన కోస్తా కలంకారీ, అద్దకం బట్టలు ఆ దారినే పోయాయి.

ఇంకో మాట మన నోట్లోనే ఉంది, మజిలీ. అరబ్బీ 'మంజిల్' నుంచి వచ్చింది, దిగే చోటు అని అర్థం. దారి దూరాన్ని వాళ్లు ఫర్సఖ్‌లలో చెప్పేవారు, అంటే బిడారు ఒక గంట, గంటన్నర నడిచే దూరం. మనవాళ్లు ఆమడ అన్నట్టే. కొలబద్ద భూమిలో లేదు, నడిచేవాడి కాళ్లలో ఉంది.

అయితే మా ఒడిశా అంచు కొండల్లో ఇలాంటి కట్టడాలు లేవు. ఇక్కడ నౌపడా ఉప్పుని ఎద్దుల మీద పెరికెలు వేసి లంబాడీలు కొండల మీదికి తోలేవారు. వాళ్లకి గోడలు లేవు. రాత్రికి మూటలనే చుట్టూ గోడలా పేర్చి, నడుమ మంట వేసుకుని పడుకునేవారని మా తాతయ్య చెప్పేవారు. అది విన్నప్పుడు చిన్నవాణ్ణి, పట్టించుకోలేదు. సరాయి ప్లాన్ గీసిన రోజు గుర్తొచ్చింది. నడుమ మంట, చుట్టూ సరుకు, బయట చీకటి, అదే నక్ష కదా.

మరి అవన్నీ ఎప్పుడు పాడుబడ్డాయి? ఇప్పుడు వెళ్తే ఉండనిస్తారా?
*ఒక పాఠకురాలు, బరంపురం*

రైలూ మోటారూ వచ్చాక. మన దగ్గర నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది, 1931లో గుణుపురం చేరింది, ఆ తరవాత ఎద్దు పెరికెలతో పనేముంది? ఇరాన్‌లో కాస్పియన్ ఒడ్డు నుంచి దక్షిణ సముద్రం దాకా పోయే రైలు 1938కి పూర్తయింది. మోటారు ఒక్క పూటలో నాలుగైదు మజిలీలు దాటేస్తుంది. దాంతో మధ్యలో ఉన్నవి ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. కొన్ని పోలీసు ఠాణాలయ్యాయి, కొన్నిట్లో గొర్రెల కాపరులు మందలు తోలుకున్నారు, చాలావాటి ఇటుకలని దగ్గరి ఊళ్లవాళ్లు పట్టుకుపోయారు. కొత్త రోడ్డు పాత దారికి దూరంగా పడ్డ చోట మాత్రం పట్టుకుపోయేవాళ్లు కూడా లేక అలాగే మిగిలాయి.

ఉండనిచ్చేవి ఉన్నాయమ్మా. ఇస్ఫహాన్‌లో సఫావిద్‌ల చివరి రోజుల్లో కట్టిన పెద్ద సరాయి ఇప్పుడు అబ్బాసీ హోటల్, ఆ వాకిలంతా తోట. బిసోతూన్ కొండ కింద ఉన్నదీ హోటలే. నాకైతే వెళ్లాలని ఉన్నది యజ్ద్ నుంచి కెర్మాన్ పోయే దారిలో, యజ్ద్‌కి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న జైనొద్దీన్. చదరంగా కాకుండా గుండ్రంగా కట్టిన సరాయి అది, అలాంటివి చాలా అరుదు. బాగుచేసి యాత్రికులకి బస ఇస్తున్నారు. గదులకి తలుపులు పెట్టలేదు, అరుగు మీద తివాచీ పరిచి మధ్యలో తెరలు కట్టారు. పొద్దున్నే కప్పు ఎక్కితే చుట్టూ ఎడారి, దూరంగా కొండలు, కింద రోడ్డు మీద కెర్మాన్ వైపు పోయే లారీలు కనిపిస్తాయి.